సోమవారానికి ఆరు సర్వర్లు

కోడుమూరు పడమటి ఊళ్ల రైతులు చివరి రోజు దాకా నిద్రపోయి అందరూ ఒక్కసారి మీద పడ్డారు, అందుకే సర్వర్ కూలిపోయింది అని రాసిన పెద్దమనుషులారా, మీరు రాసింది అబద్ధం. సర్వర్ కూలిపోలేదు. ఒక్క నిమిషం కూడా కూలిపోలేదు. సోమవారం పొద్దున ఏడుంబావు నుంచి మధ్యాహ్నం మూడుంబావు దాకా అది మిమ్మల్ని అడుగుతూనే ఉంది, జనం పెరిగారు, ఇంకో సర్వర్‌ను లేపమంటారా అని. పదిహేడు సార్లు అడిగింది. మీరు జవాబు చెప్పలేదు. జయన్నా, ముఖ్యంగా నువ్వు చెప్పలేదు. ఆ ప్రశ్నలన్నీ వచ్చింది నీ పేరుకే.

సంగతి తెలియని వాళ్లకు మొదటి నుంచి చెబుతాను.

నా పేరు జ్ఞానమణి. ఓర్వకల్లు దగ్గర ఒక కంపెనీలో కాంట్రాక్టు ఆపరేటర్‌ను. పదో తరగతి తర్వాత కోడుమూరు ఇంటర్నెట్ సెంటర్‌లో కసువు ఊడ్చేదాన్ని. ఊడ్చాక ఖాళీగా ఉన్న కంప్యూటర్ ముందు కూర్చొని నేర్చుకున్నాను. నాకు సర్టిఫికెట్లు లేవు. ఎవరికైనా అది అభ్యంతరమైతే ఇక్కడే చదవడం ఆపేయవచ్చు.

జయన్న, అంటే జయకుమార్‌ది మా ఊరే, మా చర్చే. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఇంజనీరింగ్ చదివి అదే కంపెనీలో టీమ్ లీడర్ అయ్యాడు. నన్ను అక్కడ చేర్చింది అతనే. షిఫ్టు వాళ్లకు బస్సు వేయమని మేము రోడ్డు మీద కూర్చున్నప్పుడు, ఉద్యోగం పోతుందని తెలిసి కూడా నా పక్కన వచ్చి కూర్చున్నాడు. పోలీసులు లాగేటప్పుడు నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. ఆ చెయ్యి గురించే ఈ కథంతా.

రైతుల దరఖాస్తులు తీసుకునే వెబ్‌సైటు మా కంపెనీ చేతిలో ఉంది. దాని వెనక పనిచేసేది ఒక సర్వర్ కాదు, ఒక గుంపు. అన్నీ ఒకే పని చేస్తాయి. ఆ గుంపును క్లస్టర్ అంటారు. జనం పెరిగితే తనే ఇంకో సర్వర్‌ను లేపుతుంది, తగ్గితే పడుకోబెడుతుంది. కనీసం ఎన్ని లేచి ఉండాలి, ఎక్కువలో ఎక్కువ ఎన్ని, ఏయే మిషన్ల మీద లేవవచ్చు అనేది మనం ముందుగా రాసి పెట్టాలి. ఇంకొకటి కూడా రాయాలి. అది తనంతట తాను లేపుకోవాలా, మనిషిని అడిగి లేపాలా అని.

ఇది నేను బొజ్జన్నకు ఒకసారి చెప్పాను. బొజ్జన్న మా ఊరి రైతు. మా నాయన ఆయన చేలోనే ముప్పై ఏళ్లు పనిచేశాడు. విని తల ఊపాడు.

"అంటే బరువెక్కువైతే ఇంకో జత ఎద్దుల్ని కడతాది, దిగినాక ఇప్పుతాది. అంతే కదా పాపా?"

"అంతే, పెద్దనాయనా."

"మరి సోమారం?"

ఆయన అడిగింది వేళాకోళానికే. కానీ అసలు విషయం అక్కడే ఉంది. మా పడమటి ఊళ్లలో సోమవారం ఎద్దుకు కాడి కట్టరు. అది బసవన్న దినం. దున్నకం లేదు, బండి లేదు. ఈ కరువులో నీళ్ల డ్రమ్ము బండి కూడా సోమవారం కదలదు, ఆదివారమే రెండు రోజుల నీళ్లు తోలి పెట్టుకుంటారు. మా చర్చి వాళ్లం ఆదివారం కట్టం, ఊరంతా కట్టదు కాబట్టి సోమవారమూ కట్టం. మీ ఎద్దులకు గవర్నమెంటు ఉద్యోగమప్పా, వారానికి రెండు సెలవులు అని బొజ్జన్న మా నాయనను ఎప్పుడూ ఆటపట్టిస్తుంటాడు.

ఎద్దుకు సెలవైతే మనిషికి తీరిక. బ్యాంకు పని, ఆధార్ పని, ఆసుపత్రి, గ్రామ సచివాలయం, అన్నీ సోమవారమే. వారంలో ఆరు రోజులు మా ఊళ్ల నుంచి కంపెనీ సైటుకు వచ్చేది పిడికెడు మంది. ఏడో రోజు చెరువు కట్ట తెగినట్టు వస్తారు. హైదరాబాదులో కూర్చొని వారం సరాసరి చూసేవాడికి ఇది కనపడదు. సరాసరికి రెండు సర్వర్లు చాలు అని వాడు రాస్తాడు.

పోయిన ఏడు విత్తనాల దరఖాస్తుకు అట్లే రాశారు. సోమవారం జనం వచ్చారు. క్లస్టర్ మూడో సర్వర్‌ను లేపబోయింది. మా సర్వర్ ఒకటి లేచి పనిలో పడాలంటే ఎనిమిది నిమిషాలు. రైతు ఫోనుకు వచ్చే ఓటీపీ బతికేది ఐదు నిమిషాలు. మూడోది లేచేలోపు అందరి ఓటీపీలూ చచ్చాయి. వాళ్లు మళ్లీ నొక్కారు. జనం రెట్టింపయ్యారు. నేను పదకొండు రోజులు, సర్వర్లు తమ పని రాసుకునే లాగ్‌లు చదివి దీన్ని పట్టుకున్నాను. జనం వచ్చాక లేపితే లాభం లేదు, వచ్చేలోపే లేచి ఉండాలి. సోమవారం పొద్దున ఆరుకల్లా కనీసం ఆరు, ఎక్కువలో ఎక్కువ పది, అడగకుండా తనే చేసుకోవాలి. ఇదీ నేను రాసిన నియమం.

పై వాళ్లు నవ్వారు. ఎద్దులకు సెలవని సర్వర్లు పెంచుతామా అన్నారు. అప్పుడు కూడా జయన్నే నా పక్కన నిలబడ్డాడు. ఆ నియమాన్ని తన పేరుతో పెట్టించాడు. ఊరికి వచ్చి సచివాలయం అరుగు మీద నిలబడి అందరికీ చెప్పాడు, ఇంక సోమవారం మీకు భయం లేదని. ఆ రోజు బొజ్జన్న భార్య మహాదేవమ్మ అతనికి జొన్నరొట్టె, గుంటగలగరాకు పచ్చడి పెట్టింది. మూడు రొట్టెలు తిన్నాడు.

ఈ ఏడు వాన లేదు. శనక్కాయ కట్టె లేదు, జొన్న చొప్ప లేదు. పశువులకు మేత శిబిరం పెడతామన్నారు. ఎద్దు చెవి బిళ్ల నంబరు కొట్టి, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పి, పేరు ఎక్కించుకున్న వాళ్ల పశువుకే శిబిరంలో చోటు. పది రోజులు గడువు. ఆఖరి రోజు సోమవారం.

ఇక్కడ నా తప్పు ఒకటుంది. దాచను.

గురువారం బొజ్జన్న నాకు ఫోన్ చేశాడు. రేపు బండి ఆపి సచివాలయానికి పొమ్మంటావా అని అడిగాడు. రెండు డ్రమ్ముల నీళ్ల కోసం ఆయన ఎద్దులు రోజూ నాలుగు మైళ్లు నడుస్తున్నాయి. బండి ఆగితే ఆ వీధికి నీళ్లు లేవు. నేను వద్దన్నాను. సోమవారం పో పెద్దనాయనా, సోమవారానికి ఆరు సర్వర్లు లేచి ఉంటాయి, పావుగంటలో అయిపోతుంది అన్నాను. ఆయనకే కాదు, అందరికీ అదే చెప్పాను. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారిని అడిగి చర్చి మైకులో చెప్పాను. వీరభద్రస్వామి గుడి మైకులో కూడా చెప్పించాను. రెండు మైకులూ ఒకే మాట చెప్పాయి. సోమవారం రండి.

చర్చి బయటికి వచ్చి జయన్నకు ఫోన్ చేశాను. రేపు ఆఫీసులో ఉండనా, ఊళ్లో ఉండనా అని అడిగాను.

"ఊర్లోనే ఉండు మణీ. ముసలోళ్లకు చెవి బిళ్ల నంబర్లు కొట్టడం రాదు. ఈడ నువ్వుండి ఏం చేస్తావు, అంతా ఆటోమేటిక్ కదా."

నేను ఇంకేమీ అడగకుండా నమ్మాను. ముందు రోజు శనివారం సాయంత్రం నాలుగూ పదికి ఆ ఆటోమేటిక్‌ను తీసేసింది అతనే.

సోమవారం ఏడు గంటలకు సచివాలయం ముందు వంద మంది. కిటికీ దగ్గర శివలీల, సచివాలయంలో దరఖాస్తులు ఎక్కించే పిల్ల, నేను ఆమె పక్కన. మొదటి ఇరవై మంది నీళ్లలా పోయారు. ఏడుంబావుకు తెర మీద గుండ్రం తిరగడం మొదలైంది. ఓటీపీ రావడం ఆలస్యమైంది. వచ్చింది కొట్టేసరికి గడువు దాటింది అంది. మళ్లీ. మళ్లీ దాటింది. శివలీల నా వైపు చూసింది. ఇప్పుడే లేస్తాయి లేమ్మా, ఆరున్నాయి కదా, ఇంకా నాలుగు లేవాలి అన్నాను. ఆ మాట తొమ్మిదింటి దాకా అంటూనే ఉన్నాను.

జనం తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను చెప్పానని వచ్చిన వాళ్లు, నేను చెబుతానని ఎదురుచూశారు. బొజ్జన్న చెవి బిళ్ల నంబర్లు రెండూ అరచేతిలో పెన్నుతో రాసుకొని వచ్చాడు. చెమటకు చెరిగిపోతుంటే మాటిమాటికీ శివలీల పెన్ను అడిగి దిద్దుకున్నాడు.

జయన్నకు పద్నాలుగు సార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పదకొండింటికి ఎత్తాడు. వెనక గాలి హోరు, ఏదో మైకు మోత.

"గండికోటలో ఉండా. సిగ్నల్ లేదు. మళ్ల చేస్తా."

గండికోటలో ఏం పని అని అడిగేలోపు పెట్టేశాడు. నా ఫోన్‌లో కంపెనీ లాగిన్ తెరిచాను. సర్వర్లు రెండే లేచి ఉన్నాయి. ఆరు కాదు, రెండు. మార్చబోతే, మీకు చూసే హక్కు మాత్రమే ఉంది అని వచ్చింది. శుక్రవారం దాకా మార్చే హక్కు నాకుండేది.

ఒంటిగంట దాకా జయన్న ఫోన్ కోసం చూసి, శివలీల స్కూటీ తీసుకొని ఓర్వకల్లుకు పోయాను. ఆ ఎండలో రాళ్ల గుట్టలు దాటి చేరేసరికి రెండున్నర. ఆఫీసులో పెద్ద తెర మీద అంతా పచ్చగా ఉంది. ఏమప్పా, ఊళ్లలో జనం చస్తుంటే ఈడ పచ్చగా ఉందే అని డ్యూటీలో ఉన్న శ్రీనివాసులును అడిగాను. రెండు లేచి ఉండాలని రాశారు, రెండు లేచి ఉన్నాయి, అందుకే పచ్చగా ఉంది అన్నాడు. వాడి తప్పు లేదు. వాడికి చూసే హక్కే.

సెట్టింగు తెరిచి చూపించమన్నాను. కనీసం రెండు. పద్ధతి, అడిగి చేయాలి. మా పది మిషన్లలో ఎనిమిదింటిని జాబితాలోంచి తీసి ఇంకో క్లస్టర్‌కు ఇచ్చారు. ఆ క్లస్టర్ ఎవరిదో కూడా చూశాను. గండికోట లోయ అంచున గుడారాలు వేసి అద్దెకిచ్చే ఒక విడిది వాళ్లది. పండుగ సెలవులకు వాళ్ల బుకింగు ఆ సోమవారమే మొదలు. ఎనిమిది మిషన్లలో మూడు మాత్రమే పనిచేస్తున్నాయి. ఐదు ఖాళీగా ఉన్నాయి. గుడారాల కోసం ఎవరైనా వస్తారేమోనని అవి లేచి కూర్చొని ఉన్నాయి.

పక్కనే ప్రశ్నల వరుస. ఇంకో సర్వర్‌ను ప్రారంభించాలా? అవును, కాదు. మొదటిది ఏడూ పదిహేనుకు. రెండోది ఏడూ నలభైకి. అట్లా పదహారు ఉన్నాయి. అన్నీ జయకుమార్ పేరుకు. ఖాళీ మిషన్లలో ఒకటి అడిగి తీసుకుంటాను, సరే అనండి అంటోంది. ఎవరూ సరే అనలేదు. నేను చూస్తుండగానే మూడుంబావుకు పదిహేడోది వచ్చింది. అవును మీద నొక్కాను. అనుమతి లేదు అంది. శ్రీనివాసులు నొక్కాడు. వాడికీ లేదు. నేను నొక్కుతూనే ఉన్నాను. వాడు నా చెయ్యి పట్టి ఆపి, మణీ, మౌసు పగిలిపోతుంది అన్నాడు.

ఆ తెరను నా ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. ఐదింటికి గడువు ముగిసింది. మా ఊళ్లో రెండు వందల ఎనభై మందిలో పేరు ఎక్కింది నలభై ముగ్గురికి.

ఇంటికి వచ్చేటప్పుడు బొజ్జన్న ఇంటి ముందు నుంచే దారి. పక్క వీధి నుంచి పోదామనుకున్నాను. పోలేదు. ఎద్దులు గాడి దగ్గర నిలబడి ఖాళీ గాడిని నాకుతున్నాయి. మహాదేవమ్మ నన్ను చూసి లేచి నీళ్లిచ్చింది. ఆ నీళ్లు ఎన్ని మైళ్ల నుంచి వచ్చాయో నాకు తెలుసు.

"శుక్రారం సంతకు తోలతాడంట మీ పెద్దనాయన," అంది. "ఇంగ మేపలేం కదమ్మా. వాటికి సోమారం సెలవిచ్చినామే గానీ, ఒక్క పూట మేత ఎగ్గొట్టలేదు మేము."

బొజ్జన్న నంబర్లు చెరిగిపోయిన అరచేయి చూసుకుంటూ కూర్చున్నాడు.

మంగళవారం రిపోర్టు తయారైంది. రైతులు గడువు ఆఖరి దాకా రాలేదు, డ్యూటీ ఆపరేటర్ జ్ఞానమణి ఆఫీసులో లేదు, అందుకని సర్వర్ కూలిపోయింది. నన్ను ఊళ్లో ఉండమన్న వాడే, నేను ఆఫీసులో లేనని కింద సంతకం పెట్టాడు.

ఈ పొద్దు బుధవారం జయన్న నన్ను క్యాంటీన్ వెనకకు పిలిచాడు. ముఖం పీక్కుపోయి ఉంది. గుడారాల వాళ్లు పెద్ద కస్టమర్లనీ, వాళ్ల సైటు ఒక్క నిమిషం ఆగినా కాంట్రాక్టు పోతుందని పై వాళ్లు బెదిరించారనీ, తనను కూడా అక్కడికి పిలిపించుకొని కూర్చోబెట్టారనీ చెప్పాడు. అడిగి చేసే పద్ధతి ఎందుకు పెట్టావంటే, క్లస్టర్ తనంతట తాను గుడారాల మిషన్లు లాక్కోకుండా అన్నాడు. ప్రశ్న వస్తే ఫోన్‌లోనే అవును నొక్కవచ్చు అనుకున్నాడట.

"వచ్చినాయా ప్రశ్నలు నీ ఫోన్‌కు?" అని అడిగాను.

జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాడు.

"సిగ్నల్ లేదన్నావు. నా ఫోన్ ఎత్తినావు కదన్నా పదకొండుకు. సిగ్నల్ ఉండాది."

"వచ్చినాయి," అన్నాడు. "పక్కన కస్టమరు కూర్చోనుండె మణీ. నొక్కితే వాళ్ల తెర మీద ఒక మిషన్ తగ్గినట్టు కనపడతాది."

"ఐదు ఖాళీగా ఉండె."

"ఖాళీగా ఉన్నా వాళ్లవే."

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. రిపోర్టు మీద నేను కూడా సంతకం పెడితే నా పేరు తీసేయిస్తాడట, రైతుల ఆలస్యం ఒక్కటే మిగులుతుందట. రైతులకు ఉద్యోగం పోదు కదా మణీ, నీకు పోతాది అన్నాడు. నా మంచి కోసమే చెబుతున్నాను అన్నాడు. ఆ మాట అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు. పోలీసులు లాగినప్పుడు వదలని చెయ్యి అదే. తీసి పక్కన పెట్టాను.

"మూడు రొట్టెలు తిన్నావు నువ్వు ఆ ఇంట్లో," అన్నాను.

సంతకం పెట్టలేదు. వచ్చి ఇది రాస్తున్నాను. పదిహేడు ప్రశ్నల ఫోటో దీనితో పాటు సచివాలయం గోడకు, చర్చి తలుపుకు, వీరభద్రస్వామి గుడి స్తంభానికి అంటిస్తాను. సోమవారం రండి అని చెప్పింది ఆ మైకులే. ఎందుకు కాలేదో కూడా అక్కడి వాళ్లకే తెలియాలి. నా ఉద్యోగం రేపు ఉంటుందో లేదో నేను అడగడం లేదు.

అడిగేది ఒక్కటే. శుక్రవారం సంత. దానికి ముందు గురువారం ఒక్క రోజే ఉంది. రేపు పొద్దున ఏడు గంటలకు మేత శిబిరం దరఖాస్తు తిరిగి తెరవాలి. ఆరింటికల్లా ఆరు సర్వర్లు లేచి ఉండాలి. పది మిషన్లూ జాబితాలోకి రావాలి. అడిగి చేసే పద్ధతి తీసేయాలి, ఎవడి పక్కన ఎవడు కూర్చున్నాడో చూసుకొని నొక్కే వేలు మధ్యలో ఉండకూడదు. మా ఊరి రెండు వందల ముప్పై ఏడు మంది పేర్లు సాయంత్రంలోపు ఎక్కాలి. గడువు ముగిసింది అనవద్దు. గడువు మాకు ముగియలేదు, మీరు ముగించారు. రేపు గురువారం, కాడి కట్టే రోజు. అయినా బొజ్జన్న బండి ఆపుకొని వస్తానన్నాడు. ఆ వీధి ఒక రోజు నీళ్లు లేకుండా ఉంటానంది. వాళ్లు చేయగలిగింది వాళ్లు చేశారు.

జయన్నా, పదిహేడో ప్రశ్న ఇంకా నీ తెర మీద ఉంది. నేను ఇప్పుడే చూశాను, ఎవరూ తీసేయలేదు. హక్కు నీ ఒక్కడికే ఉంది. పక్కన ఎవరున్నా సరే, అవును నొక్కు.